1297 మ్యాచ్‌ల వరుస తెగినా పాస్ ఇవ్వడం సరైనదేనా?

కోట జంక్షన్ కుర్రాడు (విజయనగరం)

మా బాస్కెట్‌బాల్ కోర్టులో నాలుగు రోజులుగా ఇదే గొడవ, ఎంతకీ తేలడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

2025 డిసెంబరు 4, టొరంటోలో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు లేకర్స్‌కీ రాప్టర్స్‌కీ మ్యాచ్. మనకి 5వ తేదీ పొద్దున్న. స్కోరు 120–120, ఆఖరి క్షణాలు. లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ అప్పటికి కొట్టినవి 8 పాయింట్లే. 2007 జనవరి నుంచి ఆడిన ప్రతి రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లోనూ ఆయన కనీసం 10 పాయింట్లు కొట్టాడు. వరుసగా 1297 మ్యాచ్‌లు. ఇంకొక్క బాస్కెట్ పడితే ఆ వరుస నిలుస్తుంది. బంతి ఆయన చేతికి వచ్చింది. కార్నర్‌లో ఖాళీగా ఉన్న సహచరుడు రుయి హచిమురాకి ఇచ్చేశాడు. అతను త్రీ (గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్) కొట్టాడు, బజర్ మోగింది, 123–120. లేకర్స్ గెలిచారు. పద్దెనిమిదేళ్ల వరుస అక్కడితో ఆగిపోయింది.

నా మాట ఒక్కటే: ఆ షాట్ ఆయనే వేసి ఉండాల్సింది. జట్టు కోసం త్యాగం చేశాడని అందరూ పొగుడుతున్నారు. కానీ స్కోరు సమంగా ఉంది కదా! ఆయన రెండు పాయింట్లు కొట్టినా గెలుపే. తప్పిపోతే ఓవర్‌టైమ్, అంతేగానీ ఓటమి కాదు. అక్కడ జట్టు లాభమూ ఆయన లాభమూ ఒకటే. నేను పుట్టిందే 2007లో. నా వయసంత వరుస అది. పొద్దున్న లేచి ముందు ఫోన్‌లో ఆయన స్కోరు చూసుకుని, తర్వాతే మొహం కడుక్కునేవాడిని. ఆ రికార్డు ఆయనొక్కడిదే కాదని నా బాధ.

సిక్కోలు సెంటర్ (శ్రీకాకుళం)

ఏటి తమ్ముడూ, సగమే చెప్పావు! ఆ రోజు ఆయన 17 షాట్లు వేస్తే పడినవి 4. చెయ్యి ఆడని రోజు అది. 44 కొట్టిన ఆస్టిన్ రీవ్స్ పక్కనే ఉన్నాడు. హచిమురా దగ్గర మనిషే లేడు. అలాంటప్పుడు పద్దెనిమిదో షాట్ తనే వేసుకోవడం ఏం ఆట?

అంకె కోసం ఆడితే ఏమవుతుందో 2003 మార్చిలో క్లీవ్‌లాండ్ చూసింది. యూటా మీద 120–95తో గెలుపు ఖాయమైపోయింది. క్లీవ్‌లాండ్ ఆటగాడు రికీ డేవిస్‌కి ట్రిపుల్ డబుల్‌కి (పాయింట్లు, రీబౌండ్లలాంటి మూడు లెక్కల్లో కనీసం పదేసి) ఒక్క రీబౌండ్ తక్కువ. ఆఖరి సెకన్లలో బంతి తీసుకుని తమ బుట్టకే కావాలని షాట్ వేశాడు, తగిలి వస్తే పట్టుకుని రీబౌండ్ అనిపించుకుందామని! యూటా ఆటగాడు కోపంతో వచ్చి గట్టిగా ఫౌల్ చేశాడు. డేవిస్‌కి సొంత జట్టే జరిమానా వేసింది. ఆ జూన్‌లో అదే క్లీవ్‌లాండ్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) లెబ్రాన్‌ని తీసుకుంది. డిసెంబరుకల్లా డేవిస్‌ని వేరే జట్టుకి పంపేశారు.

కోట జంక్షన్ కుర్రాడు

అన్నా, డేవిస్‌తో పోలిక అన్యాయం. అతను చేసింది ఆటకే అవమానం. నేను అడిగేది అవతలి బుట్టలో వేసే మామూలు షాట్ గురించి.

రాజాం ఆల్‌రౌండర్

నేను కుర్రాడి పక్షం. నాది క్రికెట్ గోలే అనుకోండి, కానీ సంగతి ఒకటే. 2004 ముల్తాన్ టెస్టు. సచిన్ 194 మీద ఉండగా ద్రావిడ్ డిక్లేర్ చేశాడు. ఇన్నింగ్స్ 52 పరుగుల తేడాతో గెలిచాం. ఇరవై ఏళ్లు దాటినా మా నాన్నగారు గెలుపు సంగతి ఎత్తరు, ఆ ఆరు పరుగుల గురించే మాట్లాడతారు. జనం గుండెల్లో నిలిచేది అంకే.

జట్టంతా కలిసి ఒకడి అంకె కోసం ఆడిన రోజులు బాస్కెట్‌బాల్‌లోనూ ఉన్నాయి. 1994 సీజన్ చివరి రోజు డేవిడ్ రాబిన్సన్‌కి స్కోరింగ్ టైటిల్ (సీజన్‌లో మ్యాచ్‌కి సగటున అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టినవాడికి దక్కేది) దక్కాలని శాన్ ఆంటోనియో వాళ్లు బంతి అతనికే అందించారు. 71 కొట్టాడు, షకీల్ ఓనీల్‌ని దాటాడు. మ్యాచ్ కూడా గెలిచారు. ఎవరికేం నష్టం జరిగింది?

ఊసవానిపేట దారిలో (ఆమదాలవలస)

మా వైపు మనిషి గురించి చెప్పాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించుకున్నారు. బంగారం కోసమే. ఆ బరువు లేవలేదు. మొత్తం 240 కిలోలతో కాంస్యం వచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయ్యారు. బంగారానికీ ఆమెకీ తేడా రెండున్నర కిలోలే. ఆ ప్రయత్నాన్ని తప్పని నేనెప్పుడూ అనను, ఎందుకంటే బార్ ముందు నిలబడింది ఆమె ఒక్కతే. తెగింపు ఆమెది, ఫలితమూ ఆమెదే. లెబ్రాన్ వెంట ఇంకో నలుగురున్నారు. వాళ్ల చెమటని పణంగా పెట్టి తన అంకె కోసం తెగించే హక్కు ఆయనకి లేదు. తేడా అక్కడుంది.

రిటైర్డ్ పీఈటీ (బొబ్బిలి)

బాబూ, మీరందరూ వరుసనీ మొత్తాన్నీ కలిపేస్తున్నారు. రెండూ వేరు.

మొత్తం అంటే కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్లు. 1560 మ్యాచ్‌లు, ఇరవై సీజన్లు, తల మీంచి ఒంటి చేత్తో వేసే ఆ స్కైహుక్ షాట్! త్రీ పాయింటర్ గీత ఎన్‌బీఏలోకి వచ్చిందే 1979లో. ఆయన కెరీర్ మొత్తంలో పడిన త్రీ ఒక్కటి. అంటే ఆ కొండనంతా రెండేసి, ఒకటేసి పాయింట్లతోనే పేర్చాడు. దాన్ని 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్ దాటితే ఆట ఆపేశారు, కరీమ్ స్వయంగా వచ్చి బంతి అందించాడు. నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. అలాంటి అంకె ఒక రాత్రి చెయ్యి ఆడకపోతే పోదు. ఒక్కసారి చేరితే చెక్కుచెదరదు.

వరుస అలా కాదు. పది అన్న గీత మనం గీసుకున్నదే. తొమ్మిది కొట్టి పన్నెండు అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) ఇచ్చినవాడు చెడ్డగా ఆడినట్టా? అంతకుముందు ఈ రికార్డు మైకేల్ జోర్డాన్‌ది, 866 మ్యాచ్‌లు. 2001 డిసెంబరు 27న ఇండియానాలో 6 పాయింట్లకే ఆగిపోయాడు, వరుస తెగింది. రెండు రోజుల తర్వాత షార్లెట్ మీద 51 కొట్టాడు, 38 ఏళ్ల వయసులో! వరుస పోయినంత మాత్రాన ఆటగాడు పోడు.

ఇంకో సంగతి చూడండి. కరీమ్‌ని దాటిన రాత్రి లేకర్స్ ఓక్లహోమా చేతిలో 133–130తో ఓడారు. 2024 మార్చి 2న 40,000 చేరిన రాత్రీ డెన్వర్ చేతిలో ఓటమే. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన రెండు రాత్రులూ జట్టు ఓడింది. వరుస పోయిన రాత్రి గెలిచింది.

రాజాం ఆల్‌రౌండర్

మాస్టారూ, ఆ రెండు ఓటములకీ రికార్డులు కారణం కాదు కదా. ఓక్లహోమా మీద ఆయన 38 కొట్టాడు, అయినా ఓడారు. వాదనకి బాగుంది గానీ, దాన్నిబట్టి ఏదీ రుజువు కాదు.

రిటైర్డ్ పీఈటీ

నిజమే బాబూ, ఆ మాట ఒప్పుకుంటాను. వరుస, మొత్తం వేరన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

పాత నంబర్ 9 (విజయనగరం)

కుర్రాడు అడిగిన అసలు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. తను వేసినా గెలుపే, మరి ఎందుకివ్వాలి?

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక స్కూళ్ల టోర్నీ ఫైనల్. సిమెంటు కోర్టు, ఒక రింగుకి నెట్టు సగమే ఉండేది. ఒక్క పాయింటు వెనకున్నాం. నాకు 18 ఉన్నాయి, నేనే లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై కొట్టినవాడికి బెస్ట్ ప్లేయర్ షీల్డు అని ఎవరో అన్నారు. ఫ్రీ త్రో లైను దగ్గర బంతి నా చేతిలో ఉంది. మా వాడొకడు రింగు కింద ఒంటరిగా, ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. నేను షాట్ వేశాను. రింగు వెనక అంచుకి తగిలి బయటికొచ్చింది. విజిల్ వేశాక కూడా వాడి చెయ్యి దిగలేదు, బంతి ఇంకా వస్తుందేమో అన్నట్టు. స్కోరర్ మా 47 చుట్టూ పెన్నుతో గట్టిగా సున్నా చుట్టాడు.

వాణ్ణి చూడలేదని మాస్టారికి చెప్పాను. ఇంట్లోనూ అదే చెప్పాను. చూశాను. తెల్లచొక్కా, పైకెత్తిన చెయ్యి, అన్నీ చూశాను.

అందుకే నాకు లెబ్రాన్ పాస్‌లో త్యాగం కనపడదు. హచిమురాని చూశాడు, ఇచ్చాడు. ఖాళీగా ఉన్నవాడు కంటపడ్డాక నీకెన్ని పాయింట్లున్నాయన్న లెక్క ఉండకూడదు. ఒక్క బాస్కెట్ దూరంలో పద్దెనిమిదేళ్ల వరుస ఉండగా, ఆ లెక్కని ఆయన పక్కన పెట్టేశాడు. అది మామూలు సంగతి కాదు. నా రెండు పాయింట్ల లెక్కని నేను పక్కన పెట్టలేకపోయాను.

కోట జంక్షన్ కుర్రాడు

అన్నా, తప్పుగా అనుకోకండి. ఆ షాట్ పడి ఉంటే ఇవాళ ఈ మాట అనేవారా?

పాత నంబర్ 9

అనేవాడిని కాను తమ్ముడూ. షీల్డు ఇంట్లో పెట్టుకుని, వాడి చెయ్యి సంగతి మర్చిపోయేవాడిని. నువ్వడిగింది సరైన ప్రశ్నే.

వాడిప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ఏటా సిరిమానుకి ఊరొస్తాడు, మూడు లాంతర్ల దగ్గర కలిసి టీ తాగుతాం. పిల్లల గురించి, ఉద్యోగాల గురించి, అన్నీ మాట్లాడుకుంటాం. ఆ మ్యాచ్ సంగతి వాడెప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.