తోతాపురి మామిడి రైతు ఎవరి హామీ చూసి ఓటు వేయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర నాలుగు ఎకరాల తోతాపురి తోట. 2024 మే 13న పోలింగు. మద్దతు ధరకు చట్టబద్ధత కల్పిస్తామని రాహుల్ గాంధీ గారు, ఏటా 6,000 రూపాయల కిసాన్ సాయం కొనసాగిస్తామని మోదీ గారు చెబుతున్నారు. మాకు ఏది మేలు?

జవాబు 1: కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో మామిడి లేదు కనుక, ఆ చట్టం వచ్చినా, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరులోనే మెత్తబడిపోయే మన కాయకు ధర కట్టేది ఫ్యాక్టరీ వారేనండీ.

జవాబు 2: వేరుశనగకు మద్దతు ధర వర్తిస్తుంది కదా. అయితే కొనుగోలు కేంద్రం సమయానికి తెరవకపోతే చట్టం ఉండి ఏం లాభం?

జవాబు 3: నేను కౌలుదారుణ్ణి. కిసాన్ సాయం భూమి ఎవరి పేరున ఉంటే వారికే వస్తుంది. దుక్కి దున్నేది నేను, సొమ్ము పడేది బెంగళూరులో ఉన్న యజమాని ఖాతాలో. ప్రచారానికి వచ్చినవారిని నేను అడిగేది ఇదొక్కటే.