పాత సినిమా హాలు కూల్చేస్తున్నారు: ముందు భాగమైనా మిగలాలా? (విజయవాడ)

వన్‌టౌన్_వాసు:
మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉన్న పాత హాలు అమ్ముడైపోయింది. పేరు రాయను, అటువైపు ఉండేవాళ్లకి ఏ హాలో తెలుస్తుంది. గేటుకి అడ్డంగా రేకులు కట్టారు. కుర్చీలన్నీ పాత సామాన్ల వాళ్లు లారీలో ఎక్కించుకుపోయారు. అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ వస్తుందట.

కార్పొరేషన్‌కి అర్జీ రాస్తున్నాను. హాలు నడపమని అడగడం లేదు. రోడ్డు వైపు ముఖం, అంటే టికెట్ల కిటికీలు, మెట్లు, పైన సిమెంటుతో పోసిన పేరు, ఇవి ఉంచి వెనకాల ఏం కావాలంటే అది కట్టుకోమంటున్నాను. ఆంధ్ర ప్రాంతంలో సినిమాకంటూ శాశ్వతంగా మొదట ఒక హాలు వెలిసింది ఈ ఊళ్లోనే, 1921లో, పోతిన శ్రీనివాసరావు గారి మారుతి సినిమా. గాంధీనగర్ అంటే డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు. అలంకార్ సెంటర్ అని ఇప్పటికీ హాలు పేరుతోనే దారి చెప్పుకుంటాం. జైహింద్ టాకీస్ పోయి జైహింద్ కాంప్లెక్స్ వచ్చింది, పేరు తప్ప ఆనవాలు లేదు. ఇలాంటి ఊళ్లో ఒక్క పాత హాలు ముఖం కూడా మిగలకపోతే ఎలా? సంతకం పెట్టేవాళ్లు ఇక్కడే చెప్పండి.

పటమట_కిరణ్:
నా సంతకం వేసుకోండి అన్నా.

సివిల్_రమణ:
ముందు భాగం ఉంచి వెనకాల కట్టడం అనుకున్నంత తేలిక కాదు. ఆ కాలం హాళ్లకి మధ్యలో స్తంభాలు ఉండవు, చుట్టూ గోడలే మోస్తాయి, పైన రేకుల కప్పు. వెనక గోడలు తీసేస్తే ముందు గోడ ఒంటరిగా నిలబడదు, ఇనుప ఆసరాలు పెట్టాలి. ఫంక్షన్ హాలుగా మార్చాలన్నా కష్టమే. నేల తెర వైపు పల్లంగా దిగుతుంది, ఆ పల్లమంతా పూడ్చి చదును చేయాలి. బాల్కనీ మెట్లు వంటసామాను ఎక్కించడానికి పనికిరావు. అందుకే కొన్నవాడు ముందు కూల్చేస్తాడు.

అరండల్‌పేట_లక్ష్మి:
వాసు గారూ, నేను హాలు ఉన్న ఇంటి కోడలిని. మాది గుంటూరు దగ్గర చిన్న టౌను. మీరు ఉంచమంటున్న ఆ ముఖం ఎక్కడుంది? రోడ్డు మీద. స్థలానికి రేటు వచ్చేది ఎక్కడ? ఆ రోడ్డు ముఖానే. అక్కడ ఆరు షాపులు పడితే వచ్చే అద్దె, వెనక ఉన్న అరెకరానికి రాదు. అంటే వెనకాలది మీకు వదిలేశాం, ముందుది మాకు వదిలేయండి అంటున్నారు. కొన్నవాడు ఈ షరతుకి ఒప్పుకుంటే మా రేటులో కోస్తాడు. నష్టం పాత ఓనరుకే.

హాలు మూసినా కరెంటు మీటరు తీయించేదాకా ఫిక్స్‌డ్ చార్జీలు వస్తూనే ఉంటాయి. ఆస్తి పన్ను ఆగదు. బి-ఫారం, అంటే హాలు లైసెన్సు, రెన్యువల్‌కి ఫైర్, ఎలక్ట్రికల్ సర్టిఫికెట్లు కావాలి. 2021లో ప్రభుత్వం ఐదు రూపాయల టికెట్ అంది, ఆ రోజే మా వాళ్లు చేతులెత్తేశారు.

వన్‌టౌన్_వాసు:
ఐదు రూపాయలు గ్రామ పంచాయతీల్లో నాన్ ఏసీ హాళ్లకండి. ఆ టికెట్ రేట్ల జీవో 35లో కార్పొరేషన్ నాన్ ఏసీకి 20, 40, 60 అని ఉంది. మీది టౌను అన్నారు కదా, మీకు ఐదు ఎలా వర్తిస్తుంది?

అరండల్‌పేట_లక్ష్మి:
మాది అప్పటికి పంచాయతీయే. టౌను అని మేం పిలుచుకుంటాం. నేల 5, పైన 15. ఆ డబ్బుతో ఏసీ వేయాలా, సౌండు మార్చాలా, గేట్‌మన్‌కి జీతం ఇవ్వాలా?

వన్‌టౌన్_వాసు:
2022 మార్చిలో జీవో 13తో రేట్లు సవరించారు. కనీసం 20 చేశారు. మరి అప్పుడు తెరవచ్చు కదా? రేట్లే కారణమైతే రేట్లు పెరిగాక కూడా ఎందుకు మూసే ఉంచారు?

పటమట_కిరణ్:
ఇద్దరూ జీవోల మీదే ఉండిపోయారు. హాలు సంగతి చూడండి.

గుంటూరోడు_86:
మా గుంటూరులో నాజ్ సెంటర్‌కి కూడా హాలు పేరే. పిల్లలకి నాజ్ అంటే బస్సు దిగే చోటు, అంతే.

అరండల్‌పేట_లక్ష్మి:
వాసు గారూ, ఏడాది పాటు మూసిన హాలు మళ్లీ తెరవాలంటే ఏం చేయాలో తెలుసా? ఎలుకలు కొరికిన వైరింగ్ అంతా మార్చాలి. పైగా హాలు మా చేతిలో ఉంటే కదా. లీజుకి ఇచ్చాం. ఏ సినిమా వేయాలో లీజుదారు చెప్పేవాడు. పండక్కి పెద్ద సినిమా పక్క ఊళ్లో తన మరో హాలుకి వెళ్లేది, మాకు మూడో వారం వచ్చేది. ఆ మూడో వారానికి జనం ఫోనుల్లో చూసేసేవారు. మామగారు పోయాక భాగాలు నలుగురికి. ఒకరు అమెరికాలో, ఒకరు బెంగళూరులో. వాళ్లకి హాలు వద్దు, వాటా కావాలి. అమ్మేశాం. తప్పేముంది? మీ ఇంటి పాత పెంకుటిల్లు కూల్చి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడు ఊరి అనుమతి అడిగారా?

వన్‌టౌన్_వాసు:
పెంకుటింట్లోకి ఊరంతా టికెట్ కొనుక్కుని రాలేదండి. హాలు మీ ఆస్తే, కాదనను. కానీ నేల టికెట్ కొన్న రిక్షావాళ్లు, హమాలీలు, బీసెంట్ రోడ్డు షాపుల్లో పనిచేసే పిల్లలు కలిపి నిలబెట్టిన ఆస్తి అది. ఒక్క గోడ అడిగే హక్కు కూడా ఊరికి లేదా?

సివిల్_రమణ:
ఒక సంగతి. పురాతన కట్టడాల చట్టం 1958 కింద రక్షణ అడగాలంటే కట్టడానికి కనీసం వందేళ్లు ఉండాలి. మన హాళ్లలో ఎక్కువ భాగం స్వాతంత్ర్యం తర్వాత కట్టినవే. ఆ దారిలో మీ అర్జీ నిలవదు. ముందు గోడకి ఇనుప ఆసరాల ఖర్చు ఎవరు పెడతారో కూడా రాయలేదు మీరు.

వన్‌టౌన్_వాసు:
ఖర్చు గురించి అడిగారు కదా రమణ గారూ. కార్పొరేషన్ పెట్టాలి. పార్కుల్లో బొమ్మలకి పెడుతోంది కదా.

కేబిన్_అబ్బాయి:
మొదటి నుంచీ చదువుతున్నాను. వాసు గారి అర్జీలో టికెట్ కిటికీ ఉంది, మెట్లు ఉన్నాయి, సిమెంటు పేరు ఉంది. ఆ కిటికీ వెనక కూర్చున్న మనిషి లేడు.

మా నాన్న మీరు చెప్తున్న హాల్లోనే ఆపరేటర్. నాలుగు ఆటలూ వేసేవాడు. ప్రొజెక్టర్ లైటుకి వెలిగించే కార్బన్ రాడ్ల పొగ పీల్చి పీల్చి రాత్రంతా దగ్గేవాడు. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక కేబిన్‌లో ఇద్దరు అక్కర్లేదన్నారు, రెండోవాడిని పంపేశారు. ఆ తర్వాత హాలే మూసేశారు. గేటుకి నోటీసు కూడా లేదు. సుద్దముక్కతో బోర్డు మీద ‘రిపేర్లు’ అని రాసి తాళం వేశారు. నాన్నకి గ్రాట్యుటీ రాలేదు. పీఎఫ్ కట్టామన్నారు, చీటీ చూపించలేదు. సినిమా హాలు కార్మికుల కోసం 1981లోనే చట్టం చేశారు. ఐదుగురు పనిచేసే హాలుకైనా పీఎఫ్, గ్రాట్యుటీ చట్టాలు వర్తిస్తాయని అందులో రాశారు. లేబర్ ఆఫీసుకి వెళ్తే ‘హాలు లీజులో ఉంది, లీజుదారుని అడగండి’ అన్నారు. లీజుదారు ‘నేను వచ్చేముందు సర్వీసు ఓనరుది’ అన్నాడు.

ఇప్పుడు హాలు కోట్లకి అమ్ముడైంది. మీరు గోడ కోసం సంతకాలు తీస్తున్నారు.

అరండల్‌పేట_లక్ష్మి:
బాబూ, అందరు ఓనర్లూ అలా ఉండరు. మా మామగారు బుకింగ్ క్లర్కు కూతురి పెళ్లికి ఖర్చంతా పెట్టుకున్నారు. గేట్‌మన్ కొడుకు చదువుకి ఫీజు కట్టారు. మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లు వాళ్లు.

కేబిన్_అబ్బాయి:
పెళ్లికి ఇచ్చింది మీ మంచితనం అమ్మా, దానికి దండం పెడతాను. గ్రాట్యుటీ ఇచ్చారా, లేదా? ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క కట్టి, సంతకం తీసుకుని ఇచ్చారా? అడిగింది అదొక్కటే.

అరండల్‌పేట_లక్ష్మి:
హాలు నష్టంలో ఉన్నప్పుడు ఎక్కడి నుంచి ఇస్తాం?

కేబిన్_అబ్బాయి:
అమ్మినప్పుడు ఇవ్వచ్చు. అమ్మారు కదా.

బెజవాడ_శీను:
అక్కా, దీనికి జవాబు చెప్పండి.

అరండల్‌పేట_లక్ష్మి:
నాకు ఇక్కడ బోనులో నిలబడాల్సిన పని లేదు. నలుగురు వాటాదారులు, అప్పులు, బ్యాంకు వేలం నోటీసు, ఇవన్నీ చూసిన కోడలిని నేను. మీకు నేల టికెట్ జ్ఞాపకం, మాకు వడ్డీ జ్ఞాపకం.

వన్‌టౌన్_వాసు:
అందరూ కాస్త ఆగండి. కేబిన్ తమ్ముడూ, నాన్నగారి విషయం విని బాధేసింది. కానీ అర్జీలో జీతాల బకాయిలు కలిపితే అది లేబర్ కేసు అవుతుంది, కార్పొరేషన్ మా పరిధి కాదని పక్కన పెట్టేస్తుంది. మొదట గోడ ఆగనివ్వండి. ఆ తర్వాత అందరం మీతో వస్తాం.

కేబిన్_అబ్బాయి:
తర్వాత అనేది మాకు కొత్త కాదు అన్నా. ఒక్కసారి గోడ సంగతి తేలితే మీ పని అయిపోతుంది. కూల్చడానికి కార్పొరేషన్ అనుమతి ఇవ్వాలి కదా? కార్మికుల బకాయిలు తీరాయని కాగితం చూపించాకే ఆ అనుమతి ఇవ్వాలని అర్జీలో ఒక్క వాక్యం రాయండి. రాస్తే మా హాలులో పనిచేసిన ఇళ్లన్నీ తిరిగి సంతకాలు తెస్తాను. రాయకపోతే నా సంతకం లేదు.

అరండల్‌పేట_లక్ష్మి:
ఆ వాక్యం రాస్తే ఏ పాత హాలునీ ఎవరూ కొనరు. పదేళ్లు తాళం వేసి పాడుపడిపోతుంది. అప్పుడు గోడా మిగలదు, బకాయిలూ రావు.

వన్‌టౌన్_వాసు:
నేను ఆ వాక్యం చేర్చలేను తమ్ముడూ. అర్జీ సోమవారం ఇస్తున్నాను, ఇలాగే.

పటమట_కిరణ్:
అయితే నా సంతకం తీసేయండి అన్నా.

కేబిన్_అబ్బాయి:
సరే. నేను వేరేగా రాస్తున్నాను, లేబర్ ఆఫీసుకీ కార్పొరేషన్‌కీ ఒకే కాపీ. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మూతపడిన ఏ హాల్లో పనిచేసినవాళ్ల పిల్లలైనా ఈ చర్చలో పెట్టండి: హాలు ఏ ఊళ్లో, అమ్మానాన్నలు ఏ పని చేశారు, ఏ ఏడు చేరారు, ఏ ఏడు ఆపేశారు.

తెనాలి_సుభాని:
మా అబ్బా సైకిల్ స్టాండు దగ్గర చీటీలిచ్చేవాడు భయ్యా. స్టాండుని వేలంపాటలో దక్కించుకున్న కాంట్రాక్టరు జీతమిచ్చేవాడు, హాలు వాళ్లు కాదు. మమ్మల్ని లెక్కలో వేస్తారా?

కేబిన్_అబ్బాయి:
రాయి భాయ్. హాలు కాంపౌండు లోపలే కదా స్టాండు. పాత చీటీ పుస్తకం గానీ, కాంట్రాక్టరు పేరున్న కాగితం గానీ ఉంటే ఫోటో తీసి ఉంచు. ఇక్కడ పెట్టకు, నాకు విడిగా పంపు.