అప్‌డేట్: చందుర్తి యుద్ధం టేబుల్ మీద ఆడేశాం

1758 నాటి చందుర్తి యుద్ధాన్ని బొమ్మలతో ఆడాలంటే రెండు పక్షాలకూ సమాన పాయింట్లు (అంటే సమాన బలం) ఇవ్వాలా అని అడిగాను కదా. మీరన్నట్టే పాయింట్లు పక్కన పెట్టేశాం. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌కి సిపాయిలూ (దేశీ సైనికులు) ఫిరంగులూ ఎక్కువ, ఇంగ్లిషు సేనాని ఫోర్డ్‌కి తక్కువ, అంతే.

ఆట మొత్తం చేను చుట్టూనే తిరిగింది. నిజం యుద్ధంలో ఫోర్డ్ తెల్ల సైనికులు ఏపుగా పెరిగిన పైరు వెనక కనబడలేదు. ఎర్రకోట్ల సిపాయిలే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు మీదపడ్డారు. చరిత్ర చదివిన ప్లేయర్ అలా మోసపోడుగా! అందుకే ఎర్రకోటు దళాలన్నిటికీ ఒకేరకం బొమ్మలు పెట్టి, ఏది ఏదో చీటీ మీద రాసి బోర్లించాం.

ఇంగ్లిషువాళ్ల వైపున్న విజయనగరం రాజు ఆనంద గజపతి సేన కదలాలంటే పాచిక వేయాల్సిందే. అది అన్యాయమని మావాడొకడు ఇంకా గొణుగుతున్నాడు. మా టేబుల్ మీద ఫ్రెంచివాళ్లే గెలిచారు, టెన్షన్ మాత్రం మామూలుగా లేదు.