జాబితాలో లేని ప్రోగ్రాములను ప్యాకేజీ మేనేజర్ ఎందుకు పట్టించుకోదు?

పర్లాకిమిడి ముద్రణ:
మా ముద్రణాలయంలో తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ శుభలేఖలూ కరపత్రాలూ తయారవుతాయి. ఇంతకుముందు పనిచేసిన సాంకేతికుడు తెలుగు ఒత్తులు సరిగా పడాలని అక్షరాల ఆకృతులను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని సోర్సు నుంచి కంపైల్ చేసి /యూఎస్ఆర్/లోకల్ కింద పెట్టి వెళ్లారు. మా డెబియన్ లినక్స్ 11 నుంచి 12కు మారిన తరువాత, అక్షరాలు చూపించే ప్రోగ్రాములన్నీ ఏదో సింబల్ (లైబ్రరీలో ఉండవలసిన ఫంక్షన్ పేరు) దొరకలేదంటూ తెరుచుకోకుండానే ఆగిపోతున్నాయి. డెబియన్ ప్యాకేజీ మేనేజర్ అయిన ఆప్ట్‌ను అడిగితే లోపమేమీ లేదంటోంది. తాను పెట్టని ఫైళ్లను అది ఎలా చూస్తుంది? అటువంటివి ఇంకెన్ని ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి? /యూఎస్ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్‌లో ఉన్న ఒడియా ఫాంట్లను కూడా తీసివేయాలా?

రాయగడ సర్వర్లు:
సార్జ్ అనే వెర్షన్ విడుదలైన 2005 నాటి నుంచి డెబియన్ సర్వర్లు నడుపుతున్నాను కనుక నిశ్చయంగా చెప్పగలను. ఆప్ట్ డిస్కును చూడదు. /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అనే ఫైలులో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉన్నదో రాసి ఉంటుంది, ఆధారాల లెక్క అంతా దానితోనే జరుగుతుంది. ఆ ఫైలు ప్రకారం మీ దగ్గర కొత్త హార్ఫ్‌బజ్ ఉన్నది, అది నిజమే. అయితే ప్రోగ్రాము నడిచేటప్పుడు లైబ్రరీని వెతికేది ఆప్ట్ కాదు, ప్రోగ్రాముకు లైబ్రరీలను జతచేసే లోడరు. అది వెతికే దారులు రాసి ఉండే ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ డైరెక్టరీలోని ఫైళ్లు అక్షరక్రమంలో చదవబడతాయి కాబట్టి, /యూఎస్ఆర్/లోకల్/లిబ్ దారి రాసి ఉన్న ఫైలు సిస్టమ్ లైబ్రరీల ఫైలు కంటే ముందు వస్తుంది. పాత ప్రతి దొరుకుతుంది, అక్షరాలను అమర్చే పాంగో లైబ్రరీ కొత్త వెర్షన్ అడిగిన సింబల్ అందులో ఉండదు. ఆగిపోయిన ప్రోగ్రాము మీద ఎల్‌డీడీ నడిపితే ఏ దారిలోని లైబ్రరీ వస్తున్నదో కనబడుతుంది.

బరంపురం విద్యార్థి:
పైథాన్‌లో ఇదే సంగతి మా కళాశాల ప్రయోగశాలను ఎంతో కాలం ఇబ్బంది పెట్టింది. పైథాన్ మాడ్యూళ్లను తెచ్చిపెట్టే పిప్‌ను సుడోతో, అంటే నిర్వాహక అధికారంతో, నడిపితే ఆ మాడ్యూళ్లు /యూఎస్ఆర్/లోకల్ కిందికి చేరి, ఆప్ట్ పెట్టిన వాటికంటే ముందు దొరుకుతాయి. అప్పుడు సిస్టమ్‌కు చెందిన పైథాన్ ఉపకరణాలు కూడా తమకు సరిపడని వెర్షన్‌ను ఎత్తుకుంటాయి. పెప్ 668 అనే పైథాన్ నిబంధన వచ్చిన తరువాత డెబియన్ 12లో పిప్ ముందే నిరాకరించి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (మాడ్యూళ్లను సిస్టమ్‌కు విడిగా ఉంచే డైరెక్టరీ) చేసుకోమని చెబుతోంది. దీన్ని తిట్టేవారు చాలామంది ఉన్నారు కానీ, నా దృష్టిలో ఇంత మేలు చేసిన మార్పు మరొకటి లేదు.

జయపురం ఆర్చ్:
ఆప్ట్ తరఫున ఫైళ్లను డిస్కులో పెట్టే డీపీకేజీ చూడకపోవడంతోనే ఆగదు, తుడిచివేస్తుంది కూడా. ఏ ప్యాకేజీకీ చెందని ఫైలు దారిలో ఉంటే ఒక్క మాట అడగకుండా దాని మీద తన ఫైలును రాసేస్తుంది. మా ఆర్చ్ లినక్స్ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్ అయితే ఆ ఫైలు ఇప్పటికే ఉన్నదని చెప్పి పని మొత్తం నిలిపివేస్తుంది. మనం ఓవర్‌రైట్ అని స్పష్టంగా ఆదేశిస్తేనే ముందుకు వెళుతుంది. మనిషి పెట్టిన వస్తువుకు ఇవ్వవలసిన గౌరవం అది.

రాయగడ సర్వర్లు:
ఇది అసలు ప్రశ్నకు సంబంధించినది కాదు. డెబియన్ పాలసీ ప్రకారం ఏ ప్యాకేజీ కూడా /యూఎస్ఆర్/లోకల్‌లో ఫైలు పెట్టరాదు, ఖాళీ డైరెక్టరీలు మాత్రం చేయవచ్చు. ఆ ప్రాంతం మొత్తం మనదే. /యూఎస్ఆర్/బిన్‌లో చేయి పెట్టినవాడి ఫైలు పోతే తప్పు డీపీకేజీది ఎలా అవుతుంది?

జయపురం ఆర్చ్:
చేయి పెట్టేది మనమే కాదు, అయ్యా. ప్రింటర్ల డ్రైవర్లతో వచ్చే స్క్రిప్టులు కొన్ని నేరుగా /యూఎస్ఆర్/లిబ్‌లో ఫైళ్లు గుమ్మరిస్తాయి. కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో మాత్రం "ఇది మీరో ఏదో స్క్రిప్టో సృష్టించిన ఫైలు" అని డీపీకేజీ ఆగి అడుగుతుంది కదా. అక్కడ అడగగలిగినది ఇక్కడ ఎందుకు అడగదు?

రాయగడ సర్వర్లు:
రాత్రివేళ తమంతట తామే అప్‌డేట్ అయ్యే సర్వర్లు మీ చేతిలో ఉంటే ఈ ప్రశ్న వేసేవారు కారు. ప్రతి అనాథ ఫైలు దగ్గరా ఆగితే భద్రతా సవరణ సగంలో నిలిచిపోతుంది. తెలియని విషయంలో తీర్పు చెప్పవద్దని మనవి.

జయపురం ఆర్చ్:
నాకు తెలియదని మీరు నిర్ణయించడం అన్యాయం. ప్యాక్‌మ్యాన్ ఈ పరీక్షను ఫైళ్లు కదిలించక ముందే చేస్తుంది కనుక సగంలో నిలిచే ప్రసక్తి లేదు.

సిరొంచ ఉపాధ్యాయుడు:
మా వైపు నెట్‌వర్క్ బలహీనం. పాఠశాల కంప్యూటర్లకు డెబ్ ఫైళ్లను (డెబియన్ ప్యాకేజీలను) పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేస్తుంటారు. ఇవి డీపీకేజీకి పూర్తిగా తెలిసినవే, అయినా వాటి వెనుక రిపాజిటరీ (ఆప్ట్ కొత్త వెర్షన్లు వెతికే నిల్వ) లేనందువల్ల కొత్త వెర్షన్ వచ్చినదన్న సంగతి ఆప్ట్‌కు ఎప్పటికీ చేరదు. జాబితాలో ఉన్నది కదా అని నమ్మి, భద్రతా లోపాలున్న బ్రౌజరును పిల్లల ముందు పెట్టిన చోట్లు చూశాను. ప్యాకేజీలను తెర మీద విభాగాలుగా చూపే ఆప్టిట్యూడ్‌లో వాడుకలో లేనివీ స్థానికంగా చేసినవీ అన్న విభాగం విడిగా ఉంటుంది, దయచేసి అందరూ ఒకసారి తెరిచి చూడండి.

గుణుపురం పాఠకుడు:
ఇటువంటి చోట ఈక్వివ్స్ అనే ఉపకరణంతో ఖాళీ ప్యాకేజీ చేసి, ఆ లైబ్రరీ తన దగ్గర ఉన్నదని ఆప్ట్‌ను నమ్మించమని సలహా ఇచ్చేవారుంటారు. ముద్రణాలయం వారు ఆ పని చేయవద్దు, అది రోగాన్ని దాచిపెడుతుంది. సోర్సు నుంచి పెట్టక తప్పకపోతే గ్నూ స్టో మంచిది. ఒక్కొక్క ప్రోగ్రాము తన డైరెక్టరీలో ఉంటుంది, బయట కనబడేవి సిమ్‌లింకులు (అసలు ఫైలుకు దారి చూపే గుర్తులు) మాత్రమే, స్టో -డీ (పెద్ద అక్షరం) అంటే అన్నీ ఒకేసారి తొలగిపోతాయి.

పర్లాకిమిడి ముద్రణ:
ఎల్‌డీడీ నడిపాను. రాయగడ వారు చెప్పినట్లే పాత హార్ఫ్‌బజ్ /యూఎస్ఆర్/లోకల్/లిబ్ నుంచి వస్తున్నది. ఆ ఫైళ్లను వేరే డైరెక్టరీకి తరలించి లోడరు జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ నడిపిన వెంటనే ప్రోగ్రాములు తెరుచుకున్నాయి, ఒత్తులు కూడా డెబియన్ ఇచ్చిన వెర్షన్‌తోనే సరిగా పడుతున్నాయి. ఫాంట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

గుణుపురం పాఠకుడు:
ఫాంట్లను ఉంచండి. ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ ఆ డైరెక్టరీని కూడా చదువుతుంది, వాటిలో లోడరు వెతికే సింబల్స్ ఏవీ ఉండవు. అయితే అదే పేరున్న ఫాంటు ఆప్ట్ ద్వారా కూడా వచ్చి ఉంటే రెండు ప్రతులు అవుతాయి, ఎఫ్‌సీ-లిస్ట్ నడిపి దారులు చూసి ఒకటే ఉంచుకోండి. మిగతా అనాథ ఫైళ్ల కోసం /యూఎస్ఆర్/లోకల్‌ను ఫైండ్‌తో వెతకండి. /యూఎస్ఆర్/బిన్, /యూఎస్ఆర్/లిబ్‌లలో అనుమానం కలిగిన ఫైలును డీపీకేజీ -ఎస్‌కు (పెద్ద అక్షరం) ఇచ్చి చూడండి. ఏ ప్యాకేజీ పేరూ చెప్పనిదాన్ని వెంటనే చెరిపివేయవద్దు, ఇన్‌స్టాల్ సమయంలో స్క్రిప్టులు సృష్టించిన ఫైళ్లకు కూడా అది పేరు చెప్పదు.