అప్‌డేట్: అమ్మతో చియాంగ్ మాయ్ వంట క్లాస్‌కి వెళ్లొచ్చాం

అమ్మ పూర్తి శాకాహారి, థాయ్‌లాండ్ వంట క్లాస్‌లో ఫిష్ సాస్ లేకుండా నేర్పిస్తారా అని ఇంతకుముందు అడిగాను కదా, వెళ్లొచ్చాం. బుకింగ్ అప్పుడే చెప్పేయమన్న వాళ్లందరికీ చాలా థాంక్స్.

అలా చెప్పడం వల్ల అమ్మకి రోలు, మూకుడు విడిగా ఇచ్చి ఫిష్ సాస్ బదులు సోయా సాస్ పెట్టారు. కానీ శాకాహారులు అసలు చూసుకోవాల్సింది కర్రీ పేస్ట్. బయట కొన్న పేస్టుల్లో చాలావరకు రొయ్యల ముద్ద కలిసే ఉంటుంది, కాబట్టి పేస్ట్ మనచేతే నూరించే క్లాస్ ఎంచుకోండి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నూరడమే. బరువైన రాతి రోట్లో ముందు ఎండుమిర్చి, ఉప్పు, తర్వాత నిమ్మగడ్డి, గలాంగల్ అనే అల్లం లాంటి దుంప, కొత్తిమీర వేర్లు (మనం కోసి పారేసేవే!), చివర్లో వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, అంటే గట్టివి ముందు, తడివి తర్వాత. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి అందులో ఆ పేస్ట్ వేయించాం. అమ్మది రోజూ పచ్చళ్లు నూరే చెయ్యి, పక్కనవాళ్లు ఆగి ఆగి దంచుతుంటే ఆవిడ పేస్ట్ వెన్నలా వచ్చింది, నేర్పించే ఆవిడ వేలితో తీసి చూసి తెగ మెచ్చుకున్నారు.

సోమ్ తమ్‌కి (పచ్చి బొప్పాయి సలాడ్) మాత్రం మట్టి రోలు, చెక్క రోకలి వాడతారు, పచ్చి బొప్పాయి ముద్ద అవకూడదు, కాస్త కమిలితే చాలు. ఎండు రొయ్యలు మానేసి వేరుశెనగలు ఎక్కువ వేశారు.

వీలైతే పొద్దున బ్యాచ్ తీసుకోండి, మార్కెట్‌లో కూరలన్నీ తాజాగా ఉంటాయి. హైదరాబాద్‌లో తాజా గలాంగల్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి, అమ్మ అడుగుతూనే ఉంది.