అప్‌డేట్: బడి ఆవరణలోనే ప్రకృతి పాఠాలు

క్లాసు పెద్దది, ఆవరణ చిన్నది, ఖర్చుకు డబ్బు లేదు, పర్యావరణ పాఠాలు ఆరుబయట ఎలా చెప్పాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అన్నిటికన్నా బాగా కుదిరింది తాడు ఐడియా. ఒక్కో వైపు మీటరు ఉండేలా నేల మీద తాడుతో చతురస్రం వేసి, లోపల ఎన్ని రకాల మొక్కలు, పురుగులు ఉన్నాయో లెక్కపెట్టమన్నాను. అందరూ నడిచే దారి మీద ఒకటి, ఎవరూ తొక్కని గోడ పక్కన ఇంకొకటి. రెండు లెక్కలూ ఎందుకు కలవలేదో పిల్లలే వాదించుకున్నారు. తొక్కితొక్కి నేల గట్టిపడితే నీళ్లు ఇంకవు, వేళ్లు దిగవు అని నేను నోరు తెరవకముందే ఒకమ్మాయి చెప్పేసింది! వయసును బట్టి దీన్నే గ్రాఫులు, సగటుల దాకా లాగొచ్చు.

ఫోన్ కెమెరాతో చూపిస్తే మొక్కలు, పురుగుల పేర్లు చెప్పే యాప్‌లలో సీక్ (Seek) నయం, అకౌంట్ అక్కర్లేదు. కాకపోతే పేరు తెలియగానే పిల్లలు ఆ మొక్కను చూడటం మానేస్తున్నారు. అందుకే ముందు ఆకు బొమ్మ గీయాలి, ఆ తర్వాతే ఫోన్ అని రూల్ పెట్టాను. బడి పిల్లలు తమ చుట్టూ ఉన్న పర్యావరణాన్ని గమనించి వివరాలు పంపే గ్లోబ్ (GLOBE) అనే అంతర్జాతీయ కార్యక్రమం 1995లో మొదలైంది. ఆ పద్ధతిలో మేఘాల పరిశీలన కూడా చేస్తున్నాం. దానికి ఆకాశం కనిపిస్తే చాలు. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని మాత్రం ప్రతిసారీ చెప్పాల్సిందే.

ఒకేచోట మౌనంగా కూర్చుని గమనించడం చిన్న క్లాసులకు ఐదు నిమిషాలు మించి నడవదు. పెద్ద పిల్లలకైతే బాగుంది.

వచ్చే టర్మ్‌లో ఎండుటాకుల కంపోస్టు మొదలుపెడుతున్నాం.