ఎంటీ (మాగ్నెటోటెల్లూరిక్) డేటాలో ఫేజ్ సున్నాకు పడిపోతోంది
రాయగడ దగ్గర కొండవాలులో మాగ్నెటోటెల్లూరిక్ స్టేషన్ (భూమి సహజ విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మార్పులు కొలిచి లోపలి రాళ్లలో కరెంటు ఎంత పారుతుందో అంచనా వేసేది) పెట్టాం, పాత సబ్డక్షన్ (ఒక భూఫలకం మరోదాని కిందికి దిగడం) తాలూకు కండక్టివ్ పొర, అంటే కరెంటు బాగా పారే పొర, క్రస్ట్‌లో (భూమి పైపొరలో) ఏమైనా మిగిలిందేమో చూద్దామని. 1 నుంచి 10 సెకన్ల పీరియడ్‌ల మధ్య అపారెంట్ రెసిస్టివిటీ (కొలతల నుంచి లెక్కగట్టిన నేల నిరోధకత) లాగ్-లాగ్ గ్రాఫ్‌లో 45 డిగ్రీల వాలుతో పైకి ఎక్కేస్తోంది, ఫేజ్ (విద్యుత్, అయస్కాంత సిగ్నళ్ల మధ్య కోణం తేడా) దాదాపు సున్నా. నియర్-ఫీల్డ్ నాయిస్ (దగ్గర్లోని కరెంటు మూలం నుంచి వచ్చే అలజడి) అనే నా అనుమానం, రైల్వే కరెంటు లైను 4 కిలోమీటర్లే మరి. 50, 150 హెర్ట్జ్‌లకు నాచ్ ఫిల్టర్ (ఆ ఫ్రీక్వెన్సీలను మాత్రమే తీసేసేది) వేశాను, రాత్రి 12 నుంచి 4 వరకు డేటాతోనే రోబస్ట్ ప్రాసెసింగ్ (చెడ్డ రీడింగుల ప్రభావం తగ్గించే లెక్క) చేశాను, ఎలక్ట్రోడ్ గుంతల్లో ఉప్పునీళ్లు కలిపిన బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) మళ్లీ పోశాను (మేకలు కేబుల్ కొరికింది వేరే సంగతి). లాభం లేదు. 12 కిలోమీటర్ల అవతలి రెండో స్టేషన్‌ను రిమోట్ రిఫరెన్స్‌గా (రెండు చోట్లా ఉమ్మడిగా లేని నాయిస్‌ను తీసేయడానికి పోల్చి చూసే దూరపు స్టేషన్‌గా) వాడినా అదే ఆకారం, అదీ లైను పక్కనే కాబట్టి అదే నాయిస్ పడుతున్నట్టుంది. ఇలాంటి గట్టి రాతినేల మీద పనిచేసినవాళ్లు చెప్పండి, రిమోట్ స్టేషన్‌ను ఎన్ని కిలోమీటర్ల దూరం జరిపాక మీ ఫేజ్ దారికొచ్చింది?